ఎర్ర టోపీల మధ్య

ముందు వినిపించేవి గొంతులు. "రాబోయే మలుపులో ఎడమకు తిరగండి" అని ఒకటి. అది మాట పూర్తి చెయ్యకముందే "కుడివైపు వరుసలోకి మారండి" అని ఇంకొకటి. "గమ్యానికి చేరువయ్యారు, ఇక్కడితో నా పని అయిపోయింది" అని మూడోది, ఎవరూ ఎక్కడికీ కదలకుండానే. అకిహబారా స్టేషన్ ఎదురుగా ఉన్న ఎలక్ట్రానిక్స్ దుకాణంలో నాలుగో అంతస్తుకు మెట్లెక్కేవాళ్ళకు మనిషి కనబడకముందే ఈ ఆడగొంతులు, వానాకాలం చూరు నీళ్ళలా ఒకదాని మీద ఒకటి జారుతూ ఎదురొచ్చేవి. వాటి వెనక నీలం కోటు వేసుకుని, గుండెల మీద పేరు బిళ్ళ పెట్టుకుని, తెరల మీద పడిన వేలిముద్రలను మెత్తటి గుడ్డతో తుడుస్తూ సుగానుమా ఉండేవాడు.

కార్లకు దారి చూపే యంత్రాలు అమ్మడం అతని పని. నావి అంటారు వాటిని అక్కడ. వచ్చినవాళ్ళకు అతను మొట్టమొదట చేసి చూపించేది ఒక్కటే.

"మీ ఇంటి ఫోన్ నెంబరు చెప్పండి."

పొలం పనుల్లో నల్లబడిన చేతులతో ఒక ముసలాయన, ఆయన పక్కన భార్య. ఆవిడ నెంబరు చెప్పింది. సుగానుమా నొక్కాడు. దేశపటం గిర్రున తిరిగి, వంతెన దాటి, సందు తిరిగి, ఒక కప్పు మీద చిన్న ఎర్రజెండా పాతింది.

"అమ్మో, ఇంత తేలిగ్గా దొరికిపోతామా?" అంది ఆవిడ.

"నువ్వు దొరికితే ఏంలే. తాగిన రోజు కూడా తిన్నగా ఇంటికే తీసుకొస్తుందట, నా గతేంటి?" అన్నాడు ముసలాయన.

సుగానుమా వంగి నవ్వాడు. అతని నవ్వు ఎప్పుడూ కొంచెం నేల వైపు ఉంటుంది. నెంబరు నొక్కితే ఇల్లు దొరుకుతుంది, నిజమే. ఇంట్లోవాళ్ళు దొరకడం వేరే సంగతి. అది తెలిసినందుకే అతను కింది అంతస్తు వదిలి ఈ పైకి వచ్చాడు.

కింద, వీధి తలుపుకు ఎదురుగా, కెమెరాల విభాగం ఉండేది. ఫిల్ము చుట్టలు అరల మీద నుంచి ఒక్కొక్కటిగా దిగిపోతున్న ఏళ్ళవి. వాటి చోటికి అగ్గిపెట్టెలంత, సబ్బుబిళ్ళలంత వెండిరంగు డిజిటల్ కెమెరాలు నెలకొక కొత్త రకం చొప్పున వచ్చి కూర్చునేవి. ఆ విభాగానికి సుగానుమా పెద్ద. మామూలు పెద్ద కాదు. "సుగానుమా గారు ఉన్నారా? లేకపోతే మళ్ళీ వస్తాం" అని వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళుండేవారు. డిజిటల్ కెమెరాకు నిజానికి చప్పుడు అక్కర్లేదు. లోపల తెరుచుకుని మూసుకునే రెక్కలేవీ ఉండవు. అయినా చప్పుడు లేకపోతే ఫొటో తీసినట్టు ఉండదని తయారుచేసేవాళ్ళు ఒక 'కచక్' శబ్దాన్ని అందులో పెట్టేవారు. ఒక్కో కంపెనీది ఒక్కో చప్పుడు. కుర్ర ఉద్యోగి ఒచియాయ్ సరదాకి అతని వెనక నిలబడి ఒక్కొక్కటే నొక్కేవాడు. సుగానుమా కళ్ళు మూసుకుని, అది ఏ కంపెనీది, ఏ ఏటిది, ఏ రకమో చెప్పేవాడు. ఒక్కటీ తప్పేది కాదు.

"అన్నగారూ, మీకు పెళ్ళి ఈ పెట్టెలతో అయిందా, వదినగారితోనా?" అనేవాడు ఒచియాయ్.

"మీ వదిన చప్పుడు చెయ్యకుండానే వస్తుంది. అందుకే భయం" అనేవాడు సుగానుమా. అందరూ నవ్వేవారు.

ఇల్లు అరకవా నదికి అవతల కవగుచిలో. భార్య కజుయో, కూతురు మిచిరు. ఆదివారాలు దుకాణానికి పండగ. అందుకని సుగానుమా ఇంటికి ఆదివారం అనేది ఏనాడూ రాలేదు. బడిలో ఏటేటా శరదృతువులో జరిగే ఆటల పండగ ఆదివారమే. అదీ అతను ఎప్పుడూ చూడలేదు. కజుయో ఒక్కసారి వాడి పారేసే చవక కెమెరాతో తీసి, ఫొటోలు అన్నం గిన్నె పక్కన పెట్టేది. "చూడండి, మీ కూతురు. ఈ చీమల్లో ఒక చీమ."

మిచిరు నాలుగో తరగతికి వచ్చిన ఏడు, వేసవి సెలవులన్నీ తల్లీకూతుళ్ళు సాయంత్రాలు నది గట్టుకు వెళ్ళేవారు. పిల్ల పరిగెత్తడం నేర్చుకుంటోంది. అంతకుముందు ఏటా చివరగానే వచ్చేది మరి. సుగానుమాకు ఆ సంగతి గుమ్మం దగ్గర విప్పిన చిన్న బూట్ల మీది ఎండిన మట్టి వల్ల తెలిసేది. అతను వచ్చేసరికి ఆ బూట్ల యజమాని నిద్రపోయి ఉండేది.

ఒక పొద్దున మిచిరు అతని కంటే ముందే లేచి గుమ్మంలో కూర్చుంది.

"నాన్నా, ఈసారి నేను పరిగెత్తేది నువ్వు తియ్యాలి. అమ్మ కాదు, నువ్వు."

"తీస్తాను."

"దూరంగా కాదు. నా ముఖం కనబడాలి."

"నీ కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు, అట్లా తీస్తాను."

పిల్ల అడిగింది అదొక్కటే. అతను సెలవు పెట్టాడు. బజారులోకి ఇంకా రాని ఒక కొత్త కెమెరాను కంపెనీ మనిషిని బతిమాలి తెచ్చుకున్నాడు. ముంజేతంత లెన్సు దానికి. కదిలే మనిషి ముఖాన్ని తెర మీద ఒక పచ్చటి గడి పట్టుకుని, ఇక వదలదు.

"ఇంత లెన్సు కూతురి పరుగుకా, చంద్రగ్రహణానికా?" అన్నాడు ఒచియాయ్.

"చంద్రుడు నిదానంగా నడుస్తాడోయ్. పిల్లలు అట్లా కాదు" అన్నాడు సుగానుమా. ఆ మాట తర్వాత అతనికి చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆటల రోజు తెల్లవారగానే బడి మైదానంలో టపాకాయలు పేలాయి. వాన లేదు, ఆటలు ఉన్నాయి అని ఊరికి చెప్పే చప్పుడు అది. అప్పటికే సుగానుమా నీలం పట్టా చుట్ట చంకన పెట్టుకుని, గేటు ముందు తండ్రుల వరుసలో నిలబడి ఉన్నాడు. గేటు తెరవగానే చెట్టంత మగవాళ్ళందరూ బూట్లు జారుతుంటే పరిగెత్తి, పరుగు బాట చుట్టూ కట్టిన తాడు పక్కన పట్టాలు పరిచారు. అతనికి ముందు వరుస దొరికింది. సంచిలోంచి కెమెరా తీసేసరికి పక్క పట్టాలవాళ్ళు మెడలు చాచారు.

"ఇదింకా అమ్మకానికి రాలేదు కదండీ?"

"వచ్చే నెల" అన్నాడు అతను, గొంతు కొంచెం తగ్గించి, అందరికీ వినబడేలా.

నాలుగో తరగతి పరుగు వచ్చింది. పిల్లలంతా తెల్ల చొక్కాలు, ముదురు నీలం నిక్కర్లు, గడ్డం కింద సాగే తాడుతో ఎర్ర టోపీలు. నేల మీద సున్నపు గీతలు. కజుయో అతని భుజం తట్టింది. "మూడో వరుస. మూడో వరుసలో ఉంది."

"కనిపిస్తోంది."

కంటికి ఆనించుకున్న ఆ చిన్న గాజులో లోకం ఇసుక పోసి గీసినట్టు గరుగ్గా ఉంటుంది. ఎర్ర టోపీ, దాని కింద రెండు జడలు. అతను బొత్తాం సగం నొక్కాడు. పచ్చగడి ముఖాన్ని పట్టుకుంది. తుపాకీ పేలింది. పిల్ల కదిలింది, గడి కదిలింది, పెంపుడు కుక్కలా విశ్వాసంగా వెంటపడింది. కచక్ కచక్ కచక్. లెన్సులో గెలుపూ ఓటమీ కనబడవు. ఎవరు ముందో ఎవరు వెనకో కనబడదు. ఒక్క మనిషి కనబడుతుంది, అంతే. ఆ ఒక్క మనిషి మీదే అతని ఊపిరంతా నిలిచిపోయింది.

"రెండోది. రెండోదిగా వచ్చిందండీ, చూశారా?" కజుయో గొంతు తడిగా ఉంది.

"అన్నీ దొరికాయి" అన్నాడతను. ఎండకు అరచెయ్యి అడ్డుపెట్టి, కెమెరా వెనకున్న తపాలాబిళ్ళంత తెరలో చూసుకున్నాడు. కనురెప్పల వెంట్రుకలు స్పష్టంగా వచ్చాయా లేదా అని చూశాడు. వచ్చాయి. అవి ఎవరి కనురెప్పలో చూడలేదు.

మధ్యాహ్నం పట్టా మీద అన్నం ముద్దలు, వేయించిన కోడి ముక్కలు, చుట్టిన గుడ్డట్టు. మిచిరు టోపీ తాడు గడ్డం మీద ఎర్రటి గీత పెట్టింది.

"తీశావా?"

"తీశాను."

"చివర్లో నీ వైపు తిరిగి నవ్వాను. పడిందా?"

"పడకుండా ఎట్లా ఉంటుంది?"

పిల్ల ఇంకో ముద్ద తీసుకుని, నవ్వు ఆపుకోలేక మెతుకులు రాల్చుకుంది.

సాయంత్రం స్నానాలయ్యాక ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. సుగానుమా కెమెరా నుంచి టీవీకి పసుపు తీగ తగిలించాడు. తెర వెలిగింది. ఎర్ర టోపీ, గాలికి లేచిన జడ, పై పెదవి మీద చెమట చుక్క, ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోగల కనురెప్పల వెంట్రుకలు. అటువంటి ఫొటో తన జీవితంలో తియ్యలేదనుకున్నాడు.

"బాగా వచ్చింది కదూ" అన్నాడు.

అతను రెండోది నొక్కాడు. మూడోది. పిల్ల నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని పరిగెడుతోంది.

"అది హొనామి" అంది మిచిరు. ఫిర్యాదు లేదు ఆ గొంతులో. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది.

సుగానుమా చెయ్యి తనంత తానే నొక్కుతూ పోయింది. హొనామి. హొనామి. మొదట్నుంచీ చివరిదాకా హొనామి. ఆఖరి ఫొటోలో మాత్రం ఒక అంచున, ముందుకు దూసుకుపోతున్న ఎవరిదో చెయ్యి మసగ్గా ఉంది.

"ఆ మోచెయ్యి నాది" అంది మిచిరు.

కజుయో లేచి వంటింట్లోకి వెళ్ళింది. కడగడానికి గిన్నెలేం లేవు, అయినా కొళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. సుగానుమాకు ఆ చాప మీద తన మోకాళ్ళు, తన చేతులు, అన్నీ వేరేవాళ్ళవిలా కనిపించాయి. తప్పు ముఖం తీసినందుకు కాదు. 'బాగా వచ్చింది కదూ' అన్నాడు చూడండి, అందుకు. పోల్చుకోలేకపోవడమే కాదు, పోల్చుకోలేదన్న సంగతి కూడా పిల్ల చెబితేగాని తెలియలేదు.

"నాన్నా, మేమిద్దరం ఒకే ఎత్తు. బడిలో కూడా అందరూ పొరబడతారు" అంది మిచిరు.

ఆ రాత్రి అతను తరగతి ఫొటో వెతికి చూశాడు. హొనామి మిచిరు కన్నా జానెడు ఎత్తు.

తమ ఫొటోల్లో ఎవరి పిల్లలైనా పడితే, అచ్చు వేయించి ఆ ఇంటికి పంపడం అక్కడి మర్యాద. "ఆ పిల్లవి ఆ పిల్లకి ఇచ్చెయ్యండి. మనింట్లో ఉండి ఏం చేస్తాయి" అంది కజుయో. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది అతనికి.

హొనామి తండ్రి ఇనగాకి లారీ తోలుతాడు. తల్లి లేదు. ఆటల రోజున అతను సరుకుతో దేశానికి పడమటి కొసన ఎక్కడో ఉన్నాడు. సుగానుమా తలుపు తట్టినప్పుడు బనీను మీదే వచ్చి, ఫొటోల కవరు గుమ్మంలోనే విప్పాడు. ఒకటి చూసి, రెండోది చూసి, మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"పరిగెత్తేటప్పుడు నాలుక బయటపెడుతుందా ఇది? వాళ్ళమ్మ కూడా అంతే. దారం సూదిలోకి ఎక్కించేటప్పుడు." అన్నీ చూసేదాకా తల ఎత్తలేదు. తర్వాత లేచి, బనీనుతోనే, నడుం విరిగేలా వంగాడు. "నేను రాలేనని తెలిసి తీశారా అండీ?"

నిజం చెప్పడానికి అదే చోటు. చెప్పవలసిన మాట చిన్నది. సుగానుమా నోరు తెరిచాడు కూడా.

"దగ్గర్లోనే కూర్చున్నాను కదా... అందుకని" అన్నాడు.

"మీ అమ్మాయివి కూడా ఒకసారి చూపించండి. రెండోదిగా వచ్చిందట, మా పిల్ల ఒకటే పొగుడుతోంది."

"ఇంట్లో ఉన్నాయి" అన్నాడు సుగానుమా. దారిలో నది గాలి ముఖానికి కొట్టింది. ఎండ పూర్తిగా పోలేదు. తలవంచుకుని నడిచేవాడికి తన నీడే ముందు కనబడుతుంది.

తీసుకున్నదానికి తిరిగి ఇవ్వకుండా ఉండరు అక్కడివాళ్ళు. తర్వాతి వారం ఇనగాకి పడమట తొత్తొరి నుంచి వస్తూ ఒక పెట్టె బేరిపండ్లు తెచ్చాడు. లేత ఆకుపచ్చవి, ఒక్కో పండుకీ తెల్ల కాగితం గౌను. గుమ్మంలో మిచిరు ఎదురైంది. వెనక సుగానుమా ఉన్నాడు.

"మీ నాన్న ఎంత మంచివాడమ్మా" అన్నాడు ఇనగాకి పిల్లతో. "సొంత పిల్లను తీసుకుంటూ, తండ్రి రాని పిల్లను కూడా మరిచిపోలేదు. ఈ రోజుల్లో ఎవరున్నారు అట్లాంటివాళ్ళు?"

మిచిరు వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. అది ఎంతసేపో అతను చెప్పలేడు. మళ్ళీ ఇనగాకి వైపు తిరిగి, రెండు చేతులూ తొడలకు ఆనించి వంగింది.

"అవునండీ" అంది.

నేల చీలితే అందులోకి దిగిపోదును అంటారు. సుగానుమాకు అంత కూడా అనిపించలేదు. నేల కూడా తనను తీసుకోదనిపించింది. ఆ సాయంత్రం కజుయో పండు కోసి పళ్ళెంలో పెట్టింది. మిచిరు ఒక ముక్క నోట్లో వేసుకుని, రెండోది తండ్రి వైపు జరిపింది.

"తియ్యగా ఉంది నాన్నా. తిను."

తిన్నాడు. తియ్యగానే ఉంది.

కొత్త సంవత్సరం దాటగానే అతను మేనేజరు దగ్గరికి వెళ్ళి, నాలుగో అంతస్తుకు మార్చమన్నాడు. మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కెమెరాల్లో నిన్ను మించినవాడు ఈ వీధిలోనే లేడు కదయ్యా." సుగానుమా వంగి, "పైన మనిషి తక్కువయ్యాడని విన్నాను" అన్నాడు.

ఒచియాయ్ మధ్యమధ్య పైకొచ్చి ఏడిపించేవాడు. "రాజ్యం వదిలేసి, దారి చెప్పే ఆడవాళ్ళ మధ్య సన్యాసమా అన్నగారూ? వీళ్ళలో ఎవరి గొంతు ఏ కంపెనీదో చెప్పండి, కళ్ళు మూసుకుని."

"కళ్ళు మూసుకునే పనులు మానేశానోయ్" అన్నాడు సుగానుమా. ఒచియాయ్ నవ్వబోయి, అతని ముఖం చూసి మానేశాడు.

మళ్ళీ శరదృతువు వచ్చింది. మళ్ళీ ఆటల ఆదివారం. సుగానుమా సెలవు పెట్టాడు. కెమెరా తెచ్చుకోలేదు. "ఈసారి కళ్ళతోనే చూస్తాను" అన్నాడు కజుయోతో. ఆమె తలూపి అన్నం ముద్దలు చుట్టడంలో పడింది. తనవంతుగా ఒక చిన్న కెమెరా గుడ్డ సంచిలో వేసుకుంది. పిల్లను వెతికే బాధ్యత మళ్ళీ అతని మీద పెట్టే ఉద్దేశం ఆమెకు లేదు.

టపాకాయలు పేలాయి. మిచిరు గుమ్మంలో కూర్చుని బూట్ల తాడు కట్టుకుంటోంది. కట్టుకున్నాక మందుల పెట్టె లాక్కుని, అందులోంచి పెద్ద పట్టీ ఒకటి తీసి, ఎడమ మోకాలి మీద అంటించుకుంది. గోధుమరంగు పట్టీ, అరచెయ్యంత వెడల్పుది.

"ఎక్కడ పడ్డావే?" అంది కజుయో.

"పడలేదు."

"మరి పట్టీ ఎందుకు?"

మిచిరు తండ్రి వైపు చూడలేదు. పట్టీ అంచులు ఊడకుండా వేలితో గట్టిగా నొక్కి, టోపీ తీసుకుని వెళ్ళిపోయింది. దెబ్బ లేని ఆ మోకాలు ఎవరి కోసం పట్టీ వేసుకుందో సుగానుమాకు అర్థమైంది. కజుయోకూ అర్థమైంది. ఆమె వంటింటి వైపు తిరిగిపోయింది.

మైదానంలో అతను ముందు వరుసలో కూర్చున్నాడు, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఒక ప్రతిజ్ఞ లాంటిది చేసుకున్నాడు. మోకాలు చూడకూడదు. ముందు ముఖం చూడాలి, మెడ చూడాలి, నిలబడే తీరు చూడాలి. ఒక్కసారి తన కళ్ళతో తానే కనుక్కోవాలి. ఐదో తరగతి పిల్లలు బారులు తీరారు. తెల్ల చొక్కాలు, నీలం నిక్కర్లు, గాలికి కదిలే ఎర్ర టోపీలు, సున్నపు గీతల మీద గసగసాల తోట పూచినట్టు.

ఇదంతా అతను చెప్పింది చాలా ఏళ్ళకు, ఒక వానపట్టిన మధ్యాహ్నం. నావి కొనడానికి వెళ్ళి వాన తెరిపిచ్చేదాకా ఆ నాలుగో అంతస్తులో నిలబడిపోయిన ఈ రచయితకు. బేరానికి ఎవరూ లేరు. గొంతులు మాత్రం ఎడమకు తిరగమంటున్నాయి, కుడికి మారమంటున్నాయి. మిచిరు అప్పటికి పెద్ద బళ్ళో చదువుతోంది, ఇంకా పరిగెడుతోంది. ఆ రోజు మూడోదిగా వచ్చిందని చెప్పి, సుగానుమా గుడ్డ మడతపెట్టి, ఒక్కొక్క యంత్రం గొంతూ తగ్గించుకుంటూ వెళ్ళాడు. అన్నీ నిశ్శబ్దమయ్యాక, నేల వైపు చూస్తూ అన్నాడు:

"నీ పరుగు చూసే గుర్తుపట్టానని ఇంటికొచ్చాక దానికి చెప్పానండీ. నమ్మినట్టే తలూపింది. అది అబద్ధం. తుపాకీ పేలేదాకా ఒక్కొక్క ముఖమే వెతికాను. దొరకలేదు. చివరికి మోకాలు చూసే కనుక్కున్నాను."